ఆ చీటీ ఆలుమగలిద్దరూ చదవాలి

(మూత్ర పరీక్షను గురించి ఆరోగ్య కేంద్రానికి వచ్చిన దంపతులకు చెప్పిన ప్రసంగ పాఠం)

ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఫరవాలేదు, నవ్వండి. నవ్వి, తర్వాత వినండి. విషయం ఏమిటంటే, ఒంటేలు. ఆసుపత్రిలో దీన్నే మూత్రం అంటారు. చిన్న సీసా చేతికిచ్చి "ఇందులో పట్టుకురామ్మా" అంటే సిగ్గుతో తల వంచుకునే ఆడపడుచులను రోజూ చూస్తున్నాను. ఆ సీసాడు మూత్రంలో తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం గురించిన కబురు వుంటుందంటే మీరు నమ్ముతారా? నమ్మించడానికే ఒక సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మాట. అప్పటికి నేను ఈ ఉద్యోగంలో కొత్త. తొలిచూలు పిల్ల ఒకామె ఏడో నెలలో పరీక్షకు వచ్చింది. మూత్రం చూశారు. చీటీ మీద "అల్బుమిన్ ++" అని వ్రాశారు. ఆ చీటీ నేనే ఆమె పెనిమిటి చేతికిచ్చి "డాక్టరుగారికి చూపించు బాబూ" అన్నాను. ఆ రోజు జనం ఎక్కువ. డాక్టరుగారు కాన్పు కేసు మీద వున్నారు. అతను కాసేపు చూసి, చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. బడిలో పంతులుగారు పలక మీద ప్లస్సు పెడితే మెచ్చుకున్నట్టే కదా, రెండు ప్లస్సులంటే అంతా బాగుందనే అతను అనుకున్నాడట.

ఇంటి దగ్గర పిల్లకు ముఖం ఉబ్బింది. చేతి గాజులు బిగుసుకున్నాయి. "నెలలు నిండుతుంటే ఒళ్ళు నీరు పట్టదా ఏమిటి" అన్నారు అత్తగారు. ఆమె తప్పేమీ లేదు, ఆమెకు అలాగే చెప్పారు పెద్దలు. పదిరోజుల తర్వాత తెల్లవారుజామున పిల్లకు ఫిట్సు వచ్చాయి. గాలి సోకిందన్నారు. మంత్రించే మనిషి కోసం పక్క ఊరు కబురు పంపారు. ఆసుపత్రికి చేరేసరికి ఎండ ఎక్కింది. తల్లి బ్రతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ సాయంత్రం ఆ అబ్బాయి జేబులోంచి నలిగిన చీటీ తీసి నాకు చూపించి, "ఇందులో ముందే రాసి వుందా, అమ్మగారూ?" అని అడిగాడు. నేను బి.యస్సీ. చదివినదాన్ని. గాజు గొట్టంలో ఆ పరీక్ష చేయడం నాకు వచ్చు. దాని అర్థం ఒక్క మాటలో చెప్పడం మాత్రం ఆ రోజు నాకు చేతకాలేదు. అందుకే ఈ రోజు మీకు ఆ చీటీ చదవడం నేర్పి పంపిస్తాను. అక్షరం ముక్క రానివారు కూడా ఇది నేర్చుకోవచ్చు.

మూత్రం అంటే ఏమిటి?

మన నడుముకు పైన, వెన్నెముకకు అటూ ఇటూ, చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు వున్నాయి. ఒక్కొక్కటి మన పిడికిలంత వుంటుంది. ఒంట్లోని రక్తం అంతా వీటి గుండా పోవలసిందే. రోజు మొత్తం మీద ఇవి వడపోసే నీరు దాదాపు 180 లీటర్లు. అంటే 15 లీటర్ల బిందెలతో పన్నెండు బిందెలు! అందులో పనికివచ్చే వస్తువులను, నీళ్ళలో చాలాభాగాన్ని మళ్ళీ రక్తంలోకి పంపేసి, పనికిరాని మలినాన్ని లీటరు, లీటరున్నర నీళ్ళలో కలిపి బయటకు పంపుతాయి. అదే మూత్రం.

ఇల్లాలు జల్లెడతో పిండి జల్లిస్తుంది. జల్లెడ బాగుంటే తవుడు పైన నిలుస్తుంది, పిండి కిందికి పోతుంది. జల్లెడకు చిల్లి పడితే పోగూడనిది పోతుంది. అలాగే మూత్రపిండానికి దెబ్బ తగిలితే ఒంట్లో వుండవలసిన మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది. రక్తంలో చక్కెర మితిమీరితే మూత్రంలోకి పొర్లుతుంది. మూత్రపు దారిలో సూక్ష్మజీవులు చేరితే చీము కనిపిస్తుంది. ఇవన్నీ కంటికి తెలియకముందే పరీక్షకు తెలుస్తాయి.

ఇది ఇవాళ పుట్టిన విద్య కాదు. చీమలు పట్టే మూత్రాన్ని చూసి మన పూర్వ వైద్యులు మధుమేహం అని పేరు పెట్టారు. మధువు అంటే తేనె. 1827లో ఇంగ్లాండులో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు, ఒళ్ళు ఉబ్బిన రోగుల మూత్రాన్ని వేడిచేస్తే కోడిగ్రుడ్డు తెల్లసొనలాగా గడ్డకట్టడాన్ని, చనిపోయినవారి మూత్రపిండాలు పాడై వుండడాన్ని జతచేసి చూపాడు. 1843లో అదే దేశంలో జాన్ లీవర్ అనే వైద్యుడు, కాన్పు సమయంలో ఫిట్సు వచ్చిన స్త్రీల మూత్రంలో కూడా ఆ తెల్లసొన పదార్థాన్ని కనుగొన్నాడు. అదే అల్బుమిన్.

ముందు సీసా సంగతి

పరీక్ష ఎంత మంచిదైనా సీసా మురికిదైతే ఫలితం తప్పుతుంది. ఒకసారి ఒక చెల్లెలి మూత్రంలో చక్కెర విపరీతంగా కనిపించింది. ఆమె భయపడి ఏడ్చింది. చివరకు తెలిసిందేమంటే, ఇంట్లో ఖాళీ అయిన తేనె సీసాలో మూత్రం పట్టి తెచ్చింది! మళ్ళీ శుభ్రమైన డబ్బాలో పట్టి చూస్తే చక్కెర లేనే లేదు. కాబట్టి ఈ పద్ధతి గుర్తుంచుకోండి.

1. కేంద్రంలో ఇచ్చే డబ్బాలోనే పట్టండి. టానిక్కు సీసా, పచ్చడి సీసా, సోడా, బ్లీచింగు పెట్టి కడిగిన సీసా పనికిరావు.

2. పట్టేముందు ఆ చోటు మంచినీళ్ళతో కడుక్కోండి. ఆడవారు ముందు నుంచి వెనక్కు కడుక్కోవాలి.

3. మొదట వచ్చే కొంచెం మూత్రం కింద వదిలేసి, నడిమి ధారను డబ్బాలో పట్టాలి. చివరిది మళ్ళీ వదిలేయాలి. మొదటి ధారలో పైచర్మం మీది మలినం కొట్టుకువస్తుంది.

4. ఒక గంటలోగా అందజేయాలి. ఎండలో సైకిలుకు తగిలించి, సంతలో తిరిగి, మధ్యాహ్నానికి తెస్తే అందులో సూక్ష్మజీవులు పెరిగిపోతాయి.

5. బహిష్టు రోజుల్లో వుంటే ముందే చెప్పండి. లేకపోతే ఆ రక్తాన్ని మూత్రంలోని రక్తమని పొరబడతారు. మందులు ఏవి వాడుతున్నా చెప్పండి.

ఇప్పుడు చీటీ చదువుదాం

చీటీ మీద "నిల్" అని వుంటే ఆ వస్తువు లేదని అర్థం. "ట్రేసెస్" అంటే లేశమాత్రం. ఆ తర్వాత +, ++, +++, ++++. ప్లస్సులు పెరిగేకొద్దీ ఆ వస్తువు మూత్రంలో ఎక్కువగా పోతున్నదని అర్థం. ఇవి మార్కులు కావు! ఇక్కడ సున్నా వచ్చినవాడే మొదటి తరగతిలో ప్యాసయినట్టు.

మొదటిది, రంగు. మామూలు మూత్రం లేత పసుపు, ఎండుగడ్డి రంగులో వుంటుంది. ముదురు పసుపు అయితే చాలాసార్లు నీళ్ళు తక్కువ త్రాగారని అర్థం. బి-కాంప్లెక్సు మాత్రలు వేసుకుంటే పచ్చగా మెరుస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందు వల్ల ఎర్రగా, నారింజ రంగుగా వస్తుంది. వీటికి భయం లేదు, మందు మానవద్దు. కాని కళ్ళు కూడా పచ్చబడి, మూత్రం ఆవనూనెలా ముదిరితే కామెర్లు. నొప్పి వున్నా లేకపోయినా మూత్రం రక్తంలా ఎర్రగా వస్తే వెంటనే డాక్టరుకు చూపాలి.

రెండవది, అల్బుమిన్. గర్భిణీకి అన్నిటికంటె ముఖ్యమైన గడి ఇదే. పూర్వం మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి పైభాగాన్ని దీపం మీద వేడిచేసేవారు. తెల్లగా మబ్బు పట్టి, రెండు మూడు చుక్కల పలుచని ఎసిటిక్ ఆమ్లం వేసినా ఆ మబ్బు పోకపోతే అల్బుమిన్ వున్నట్టు. ఇప్పుడు చాలాచోట్ల కాగితపు పట్టీ ముంచి చూస్తున్నారు. పసుపు పట్టీ ఆకుపచ్చగా మారితే అల్బుమిన్ వుంది. ఒక ప్లస్సు అంటే 100 మిల్లీలీటర్ల మూత్రంలో సుమారు 30 మిల్లీగ్రాములు, రెండు ప్లస్సులంటే సుమారు 100 మిల్లీగ్రాములు.

లేశమాత్రం కనిపిస్తే అది తెల్లబట్ట కలవడం వల్ల కావచ్చు, జ్వరం వల్ల కావచ్చు. నడిమి ధారతో మళ్ళీ చూపించుకోవాలి. కాని అయిదో నెల దాటిన గర్భిణీకి అల్బుమిన్ ఒక ప్లస్సు గాని, అంతకు ఎక్కువ గాని వచ్చి, రక్తపోటు 140/90 గాని, అంతకు ఎక్కువ గాని వుంటే, అది గుర్రపువాతానికి ముందు దశ. ఆ రోజే డాక్టరును చూడాలి. రేపు, ఎల్లుండి, అమావాస్య వెళ్ళాక అనరాదు.

దీనితోపాటు ఈ గుర్తులు తెలుసుకోండి. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, కళ్ళముందు మెరుపులు, బొడ్డుకు పైన కడుపునొప్పి, ముఖానికీ చేతులకూ ఉన్నట్టుండి వాపు, మూత్రం బాగా తగ్గిపోవడం. ఇందులో ఏ ఒక్కటి వున్నా మూత్రంలో అల్బుమిన్ లేదు గదా అని ఊరుకోవద్దు. రక్తపోటు చూపించండి. అల్బుమిన్ కనబడకుండానే ఈ జబ్బు ముదిరిన తల్లులు వున్నారు.

ఉప్పులేని కూడు పెడితే తగ్గుతుందని, నీళ్ళు తక్కువ త్రాగిస్తే వాపు దిగుతుందని కొందరు గర్భిణీని మాడుస్తారు. దానివల్ల ఈ జబ్బు పోదు, మనిషి నీరసపడుతుంది. రక్తపోటుకు మందులు వున్నాయి. ఫిట్సు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షను వుంది. అయితే అసలు విరుగుడు కాన్పు. ఎప్పుడు, ఎలా చేయాలో డాక్టరు నిర్ణయిస్తారు. కాన్పు అయిన తర్వాత కూడా కొందరికి ఫిట్సు వస్తాయి. బాలింతకు తలనొప్పి, కళ్ళమసక వస్తే పచ్చి ఒళ్ళు కదా, మామూలే అని తీసిపారేయకండి.

ఒకవేళ ఫిట్సు వస్తే ఏంచేయాలి? మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టినందువల్ల లాభం లేదు. వెంటనే 108కి ఫోను చేయండి.

మూడవది, చక్కెర. పాత పద్ధతిలో బెనెడిక్ట్ ద్రావకమనే నీలిమందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరగబెడతారు. నీలంగానే వుంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ అయితే ఎక్కువ, ఇటుక రంగు అయితే చాలా ఎక్కువ. రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మామూలుగా మూత్రంలోకి పొర్లుతుంది.

కాని గర్భిణీ విషయంలో ఒక తిరకాసు వుంది. గర్భం సమయంలో ఈ కట్ట ఎత్తు తగ్గుతుంది. అందుచేత మధుమేహం లేని తల్లికి కూడా కొంచెం చక్కెర మూత్రంలో పోవచ్చు. నెలలు నిండినవారికి, పాలిచ్చే తల్లులకు పాలచక్కెర కూడా పోతుంది. నీలిమందు దానికి కూడా రంగు మారుస్తుంది. మరోవైపు, మూత్రంలో చక్కెర లేకపోయినా గర్భిణీకి మధుమేహం వుండవచ్చు. అందువల్ల మూత్రం చూసి మధుమేహం వుందనీ చెప్పకూడదు, లేదనీ చెప్పకూడదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి త్రాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 మిల్లీగ్రాములు గాని, పైన గాని వుంటే గర్భంతో వచ్చిన మధుమేహమని లెక్క. ఈ పరీక్ష గర్భం తెలిసిన వెంటనే ఒకసారి, ఆరో నెల ప్రాంతంలో, అంటే 24-28 వారాల మధ్య, మరొకసారి చేయించుకోవాలి.

నాలుగవది, చీముకణాలు. చీటీ మీద "పస్ సెల్స్" అని వుంటుంది. పక్కన 2-3 అనో, 4-5 అనో అంకె వుంటుంది. సూక్ష్మదర్శినిలో ఒక్క చూపుకు కనిపించే కణాల లెక్క అది. అయిదు వరకు మామూలే. పది, ఇరవై, "గుంపులు గుంపులు" అని వుంటే మూత్రపు దారిలో సూక్ష్మజీవులు చేరినట్టే. "ఎపిథీలియల్ సెల్స్" అనే చోట కూడా చాలా ఎక్కువని వుంటే మాత్రం సరిగా పట్టలేదని అర్థం, మళ్ళీ పట్టి ఇవ్వండి.

మూత్రం మంటగా వస్తే మనవాళ్ళు "వేడి చేసింది" అంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ త్రాగుతారు. త్రాగండి, మంచివే. కాని రెండు రోజుల్లో తగ్గకపోతే, చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి పుట్టినా అది వేడి కాదు, సూక్ష్మజీవి. డాక్టరు ఎన్నిరోజులు మందు వ్రాస్తే అన్నిరోజులూ వాడాలి. మంట తగ్గిందని రెండో రోజుకే మానేస్తే సూక్ష్మజీవి మందుకు అలవాటుపడి మళ్ళీ తిరగబడుతుంది.

గర్భిణీకి మంట, నొప్పి ఏమీ లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవులు వుండవచ్చు. పట్టించుకోకపోతే మూత్రపిండానికి పాకి, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం వుంది. అందుకే "నాకేం బాధ లేదు, నాకెందుకు పరీక్ష?" అనకండి.

ఇక్కడ అన్నలకు ఒక మాట. మన ఆడవాళ్ళు పొలంలో నాట్లకు, కలుపుకు వెళతారు. మరుగు లేదు గనుక చీకటి పడేదాకా ఒంటేలు ఆపుకుంటారు. వెళ్ళవలసివస్తుందేమోనని నీళ్ళే త్రాగరు. ఈ జబ్బుకు ఇదొక ముఖ్య కారణం. ఇంట్లో మరుగుదొడ్డి వుంటే అది ఆమెకు కట్టించిన గది అనుకోండి, అందులో ధాన్యం బస్తాలు పెట్టకండి. ఆమె పొలానికి నీళ్ళచెంబు తీసుకువెళ్ళిందో లేదో చూడండి. రోజుకు ఎనిమిది, పది గ్లాసుల నీళ్ళు కావాలి. ఆలుమగలు కలిసిన తర్వాత స్త్రీ వెంటనే ఒంటేలుకు వెళ్ళిరావడం కూడా మంచి అలవాటు.

మిగతా గళ్ళ సంగతి క్లుప్తంగా. "ఎర్రకణాలు" ఎక్కువగా వుంటే రాయి గాని, దెబ్బ గాని, మరో జబ్బు గాని వుండవచ్చు. "కీటోన్లు" వుంటే వాంతులతో, పస్తుతో ఒంట్లో కొవ్వు కరుగుతున్నదని అర్థం. వేవిళ్ళతో ఏమీ నిలవని గర్భిణీకి ఇది కనిపిస్తే సెలైను అవసరం పడవచ్చు. "పైత్యరస లవణాలు" వుంటే కామెర్లు. వీటి మంచిచెడ్డలు డాక్టరుతో మాట్లాడండి.

నెల తప్పితే మొదటి పరీక్ష

గర్భం నిలిస్తే, మాయ తయారయ్యే కణాల నుంచి హెచ్.సి.జి. అనే ఒక రసం పుట్టి మూత్రంలోకి వస్తుంది. 1927-28 ప్రాంతంలో బెర్లినులో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని ఆధారం చేసుకుని గర్భపరీక్ష కనిపెట్టారు. స్త్రీ మూత్రాన్ని చిట్టెలుకకు ఎక్కించి, కొన్నిరోజుల తర్వాత దాని అండకోశాలు చూసేవారు. ఇప్పుడు ఎలుక అక్కరలేదు, ఎదురుచూడనక్కరలేదు. ఆశా కార్యకర్త వద్ద "నిశ్చయ్" అనే కిట్టు వుచితంగా దొరుకుతుంది.

నెల తప్పిన తర్వాత ఉదయం మొదటి ఒంటేలు పట్టి, కిట్టు మీది గుంటలో రెండు మూడు చుక్కలు వేసి, సమతలంగా పెట్టి, అయిదు నిమిషాలు ఆగండి. "సి" వద్ద ఒక్క గీత మాత్రమే వస్తే గర్భం లేదు. "సి" వద్ద, "టి" వద్ద రెండు గీతలు వస్తే గర్భం వుంది. రెండో గీత లేతగా వున్నా వున్నట్టే. "సి" గీతే రాకపోతే కిట్టు చెడిపోయింది, మరొకటి వాడాలి. కిట్టు మీది గడువు తేదీ చూడండి. ఒక్క గీతే వచ్చి, వారం గడిచినా బహిష్టు కాకపోతే మళ్ళీ చూసుకోవాలి.

రెండు గీతలు వచ్చి, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, రక్తపు చుక్కలు, కళ్ళు తిరగడం వుంటే ఆలస్యం వద్దు. గర్భం సంచిలో కాక గొట్టంలో నిలిచి వుండవచ్చు. ట్యూబెక్టమీ అయినవారు, కాపర్-టి వున్నవారు కూడా నెల తప్పితే ఈ పరీక్ష చేసుకోవాలి. అరుదుగానైనా గర్భం వస్తుంది, అది గొట్టంలో నిలిచే అవకాశం వారికి ఎక్కువ.

బిడ్డ కావాలనుకుంటే వెంటనే పేరు నమోదు చేయించుకోండి. మొదటి మూడు నెలల్లో ఒకసారి, ఆ తర్వాత కనీసం మూడుసార్లు పరీక్షకు రండి. వచ్చిన ప్రతిసారీ మూత్రం, రక్తపోటు చూపించుకోండి. ప్రతి నెలా 9వ తేదీన డాక్టరు గర్భిణీలను పరీక్షించే కార్యక్రమం 2016 నుంచి నడుస్తున్నది. గర్భం వద్దనుకునే పరిస్థితి వుంటే నాటుమందులు, పుల్లలు, మందుల షాపులో అడిగి కొన్న మాత్రలు వద్దు. చట్టప్రకారం అనుమతి వున్న ఆసుపత్రిలో, తొలి వారాల్లోనే, డాక్టరు సలహాతో చేయించుకోవచ్చు.

కుటుంబ నియంత్రణకు మూత్ర పరీక్ష ఎందుకు?

"ఆపరేషనుకు వస్తే మూత్రం ఎందుకండీ?" అని అడుగుతారు. ట్యూబెక్టమీకి గాని, వేసెక్టమీకి గాని ముందు మూత్రంలో చక్కెర, అల్బుమిన్ చూస్తారు, రక్తం శాతం చూస్తారు. చక్కెర వుంటే దాన్ని అదుపులోకి తెచ్చి ఆపరేషను చేస్తే పుండు త్వరగా మానుతుంది. ఆడవారికి అనుమానం వుంటే గర్భపరీక్ష కూడా చేస్తారు. మూత్రంలో తేడా వచ్చిందని ఆ రోజు ఆపరేషను వాయిదా వేస్తే కోపగించుకోకండి, మీ మేలుకే. ఆలోగా నిరోధ్ వాడండి.

రక్తపోటు వున్న స్త్రీ మామూలు గర్భనిరోధక మాత్రలు, అంటే రెండు హార్మోనులు కలిసినవి, వేసుకోరాదు. ఆమెకు కాపర్-టి వుంది, నిరోధ్ వుంది, భర్తకు వేసెక్టమీ వుంది. ఏది సరిపడుతుందో ఆ చీటీ చూసి చెబుతాం. కాబట్టి పాత చీటీలు పారేయకండి.

మగవారికి ప్రత్యేకంగా

తమ్ముళ్ళు కొందరు చాటుగా వచ్చి "ఒంటేలులో తెల్లగా పోతోందండీ, ధాతువు కరిగిపోతోంది" అని దిగులుపడతారు. ఆ దిగులు మీద బ్రతికే నాటువైద్యులు వేలకు వేలు గుంజుతారు. ఒక్కమాట వినండి. మనం తినే తిండిలోని ఫాస్ఫేటు లవణాలు కొన్ని వేళల్లో మూత్రాన్ని సున్నపు తేటలా తెల్లగా చేస్తాయి. ఇందాక చెప్పిన ఆమ్లం రెండు చుక్కలు వేస్తే ఆ తెలుపు విరిగిపోయి తేట అవుతుంది. అది వీర్యం కాదు. బలం ఎక్కడికీ పోదు. కాని మూత్రం మంటతోపాటు అంగం నుంచి చీము కారితే అది సుఖవ్యాధి కావచ్చు. అప్పుడు ఆలుమగలిద్దరూ మందు వాడాలి. ఒక్కరే వాడితే రెండోవారి నుంచి మళ్ళీ వస్తుంది. తగ్గేదాకా నిరోధ్ తప్పదు.

వేసెక్టమీ చేయించుకున్నవారు మూడు నెలల తర్వాత ఇవ్వవలసింది మూత్రం కాదు, వీర్యం. అందులో కణాలు లేవని తేలేదాకా నిరోధ్ వాడాలి.

మూత్రం చెప్పలేనిది

కడుపులోది ఆడపిల్లా, మగపిల్లవాడా అన్నది ఏ మూత్ర పరీక్షా చెప్పదు. గోధుమగింజల మీద పోసి మొలకలు చూసినా, రంగు చూసినా, సోడా కలిపి నురుగు చూసినా అది వట్టి మాట. చెబుతానని డబ్బు అడిగినవాడు మోసగాడు. లింగనిర్ధారణ చేయడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. సీసాలో వెతకవలసింది తల్లి క్షేమం, బిడ్డ క్షేమం.

ఇంటికి తీసుకువెళ్ళవలసిన మాటలు

మొదటి మాట, ప్లస్సు అంటే మెప్పు కాదు, హెచ్చరిక. రెండో మాట, చీటీ చేతికి రాగానే "ఇందులో ఏముంది? నేనేం చేయాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి?" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు రాకుండా గుమ్మం దాటకండి. మేము పనితొందరలో వుంటే మమ్మల్ని ఆపి అడగండి, అది మీ హక్కు. మూడో మాట, చీటీని జేబులో కాదు, మాతా శిశు సంరక్షణ కార్డులో పెట్టండి. నాలుగో మాట, ఆ చీటీలో వున్న సంగతి అత్తగారికి కూడా చెప్పండి. ఆపద వేళ ఇంట్లో వుండేది ఆమే.

చివరగా, మొదట చెప్పిన ఆ జంట సంగతి. బిడ్డ పోయిన దుఃఖంలో వెంటనే మరో కాన్పు కావాలన్నారు పెద్దలు. ఆమె ఒళ్ళు కోలుకునేదాకా, రక్తపోటు మామూలు అయ్యేదాకా ఆగాలని డాక్టరుగారు చెప్పారు. ఇద్దరూ ఆలోచించుకుని కాపర్-టి వేయించుకున్నారు. రెండేళ్ళ పైచిలుకు తర్వాత తీయించుకున్నారు. మళ్ళీ గర్భం రాగానే మూడో నెలలోపే వచ్చారు. ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ గనుక డాక్టరుగారు తక్కువ మోతాదు ఆస్పిరిన్, నాలుగో నెల నుంచి కాల్షియం మాత్రలు ఇచ్చారు. ఆస్పిరిన్ మీ అంతట మీరు వేసుకోకూడదు సుమా! ప్రతిసారీ అతనే డబ్బా అందించి, చీటీ రాగానే మొదట అల్బుమిన్ గడి మీద వేలు పెట్టి చూసేవాడు. ఎనిమిదో నెల చివర ఒక ప్లస్సు వచ్చింది. ఆ సాయంత్రమే పెద్దాసుపత్రిలో చేర్చాడు. రెండు వారాల తర్వాత ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

అతను చదివింది అయిదో తరగతి. ఆ చీటీ చదవడానికి అది చాలింది.

అదిగో, అక్కడ బల్ల మీద డబ్బాలు వున్నాయి. సిగ్గుపడకుండా ఒక్కొక్కరూ తీసుకోండి. ఫలితం వచ్చాక ఆలుమగలిద్దరూ కలిసి నా దగ్గరకు రండి. ఈసారి మీరు చదవండి, నేను వింటాను.